కుమ్మరి పురుగు ఉన్నంత మేర

పురుగుల సర్వే ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా పటాలు గీసే ఆవిణ్ణి అందరూ పటాలమ్మ అనేవారు. ఏ పురుగు ఎక్కడెక్కడ కనిపించిందో బయట తిరిగేవాళ్ళు రాసుకొస్తే, ఆ కాగితాలు ముందేసుకుని, పురుగు ఉన్నంత మేర చుట్టూ పెన్సిలుతో ఒక గీత గియ్యడం ఆమె పని. గీత లోపల పురుగు ఉన్నట్టు, బయట లేనట్టు. ఆ గీతను నమ్మి ఎవరెవరో ఏవేవో నిర్ణయాలు చేసేవారు. ఆమె మాత్రం తను గీసిన చోటికి ఒక్కసారి కూడా వెళ్ళి ఎరగదు.

వెళ్ళకపోవడానికి కారణం భయం. ఆమెకు బల్లి అంటే భయం, లిఫ్టు అంటే భయం. రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగి, వాళ్ళ పక్కన నక్కి దాటేది. ముందుగదిలో కుట్టుమిషన్లు బాగుచేసే భర్త, "నీ కోడలికి తన నీడన్నా భయమేనమ్మా, అందుకే ఎండలో గొడుగు వదలదు" అని తల్లితో వేళాకోళమాడేవాడు. సరిగా వినపడని అత్తగారు "అవున్నాయనా, ఎండలు మరీ ముదిరాయి" అనేది.

అలాంటి మనిషిని పాత ఫైరింగు మైదానానికి పంపారు.

నదికీ రాతిగుట్టల వరసకీ మధ్య బూడిదరంగు ఇసుకనేల అది. నలభై ఏళ్ళపాటు సైనికులు అక్కడ గుండ్లు పేల్చడం, మందుపాతరలు పాతడం నేర్చుకున్నారు. ఎక్కడేం పాతారో రాసుకున్న కాగితాలు ఏనాడో చెదలు తిన్నాయి. ఆ నేల మీద అడుగుపెట్టే ధైర్యం ఎవరికీ లేకపోవడం వల్ల నాగలి పడలేదు, ఇల్లు లేవలేదు. చుట్టుపక్కలంతా పొలాలయ్యాయి, గోదాములయ్యాయి. ఒకప్పుడు నది పొడుగునా ఉండిన ఒక పురుగు చివరికి ఆ మైదానంలోనే మిగిలింది. కీచురాళ్ళ జాతిది, కుమ్మరి పురుగుల్లో ఒక రకం. పైన ఇసుక, అడుగున బంకమన్ను ఉన్న చోటే బొరియ తవ్వుతుంది. బొరియ మూతి చిటికెనవేలు పట్టేంత, లోపల బూరలాగా విచ్చుకుని ఉంటుంది. పొద్దుగుంకే వేళ మగపురుగు ఆ బూర గొంతులో కూర్చుని కూత పెడితే నేలే కూస్తున్నట్టుంటుంది.

ఇప్పుడు మైదానాన్ని శుభ్రం చేసి ఇవ్వాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. శుభ్రం చెయ్యడానికి రెండు దారులున్నాయి. ఒకటి గొలుసుల బండి. ముందువైపు గిర్రున తిరిగే ఇనప గొలుసులతో జానెడు లోతున నేలను చావగొట్టుకుంటూ పోతుంది. పాతర పేలితే బండికే దెబ్బ, లోపలున్న మనిషికి ఏమీ కాదు. కానీ ఆ దెబ్బకు పురుగు మిగలదు. రెండోది చేత్తో తియ్యడం. మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని సన్నటి ఇనప చువ్వతో నేలను వేలెడు వేలెడు దూరాన గుచ్చి చూసుకుంటూ పోవాలి. పురుగు ఉన్నంత మేర చేత్తో తియ్యాలి, మిగిలిందంతా బండితో తియ్యొచ్చు అని తేల్చారు. ఉన్నంత మేర ఎంతో చెప్పవలసింది సర్వే ఆఫీసు. ఎప్పుడూ బయట తిరిగే పెద్దసారు స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆ పురుగు గురించి ఆయన తరవాత తెలిసింది పటాలమ్మకే.

మొదటిరోజు గేటు దగ్గర కాపలావాడు ఫోనులో ఆఫీసువాళ్ళతో మాట్లాడి, పటాలమ్మ వస్తున్నారంటే సైనిక పటాలమేదో దిగుతుందనుకుని చొక్కా గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డాడట. తీరా చూస్తే గొడుగుతో ఒకావిడ. అతని వెనకాలే నవ్వుతూ వచ్చాడు పాతరలు తీసే జట్టు పెద్ద. యాభై దాటిన మనిషి. జట్టులో అతన్ని నిదానం అంటారు. టీ తాగినా, తలుపు తీసినా, సంతకం పెట్టినా ఒక్కో పనికి మూడేసి పనుల సమయం తీసుకుంటాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ పని చేస్తూ పది వేళ్ళతో మిగిలాడంటే ఆ నిదానం వల్లనే అని జట్టువాళ్ళు చెప్పారు.

అతను ఆమెకు నియమాలు చెప్పాడు. మైదానానికి అడ్డంగా రెండొందల అడుగులకొకటి చొప్పున సన్నటి బాటలు శుభ్రం చేసి ఉంచారు. బాటకు రెండువైపులా తెల్ల కొయ్యలు, కొయ్యల మధ్య ఎర్ర రిబ్బను. రిబ్బనుకు లోపల నడవొచ్చు. పెన్ను బయట పడితే పెన్ను పోయినట్టే, వంగి తీసుకోకూడదు. టోపీ ఎగిరినా అంతే. అతను చెప్పినదానికల్లా ఆమె తలూపింది.

రెండు రోజులు గడిచాయి. పొద్దున్న బొరియల మూతుల దగ్గర కొత్తగా తోసిన మట్టిగుళికలు లెక్కపెట్టేది. సాయంత్రం బాటలో నిలబడి కూతలు విని గుర్తులు పెట్టుకునేది. నడిచినంతసేపూ పాదాల కిందే చూపు. ఇంటికెళ్ళి చెప్పులు విప్పాక గానీ ఊపిరి పూర్తిగా వచ్చేది కాదు. అన్నం సహించేది కాదు.

మూడోరోజు మధ్యాహ్నం మూడున్నరకు ఆమె అయిదో బాటలో మోకాళ్ళ మీద ఉంది. అక్కడ బొరియలు వరసగా, పూసలు గుచ్చినట్టు ఉన్నాయి. మూతుల కొలతలు రాసుకుంటూ, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు నేలకు ఆనేంత వంగి, ఒకదాని నుంచి ఇంకోదానికి పాకింది. ఇరవై రెండేళ్ళు కాగితం మీద చుక్కలుగా చూసిన పురుగు. ఒక మూతిలోంచి మీసాలు రెండు బయటికొచ్చి కదిలాయి. ఆమె ఉద్యోగంలో చేరాక ప్రాణంతో ఉన్నదాన్ని చూడడం అదే మొదలు. కాసేపు భయం మరిచిపోయింది. ఇంకో మూతి, ఇంకో మూతి.

తల ఎత్తి కళ్ళజోడు దించుకునేసరికి ముందు రిబ్బను లేదు. పక్కకు చూసింది, పక్కన లేదు. మెడ ఒక్కటే తిప్పి వెనక్కి చూసింది. తెల్ల కొయ్య మూడు బారల దూరంలో ఉంది. మధ్యాహ్నం గాలికి ఒకవైపు రిబ్బను తెగి ఇసుకలో పడి ఉంది. ఆమె దాని మీదుగా పాకి వచ్చేసింది.

పై ప్రాణం పైనే పోయింది. లేచి పరిగెత్తాలని ఒళ్ళంతా ఒక్కసారి లాగింది. ఎడమ అరచేయి నేల మీద ఉంది, దాన్ని ఎత్తాలో ఉంచాలో తెలియలేదు. చెయ్యి కింద నేల గట్టిగా ఉన్నా ఆ గట్టితనం మట్టిదో మరి దేనిదో.

"కదలకండి."

బాట మొదట్లో స్టూలు మీద కూర్చున్న నిదానం చూశాడు. కేకెయ్యలేదు. పక్కగదిలోని మనిషితో మాట్లాడినట్టు మామూలు గొంతుతో అన్నాడు. అప్పటిదాకా ఆమెను మేడం అనేవాడు.

"చెల్లెమ్మా, ఎట్లా ఉన్నారో అట్లాగే ఉండండి. చెయ్యి ఎత్తొద్దు, మోకాలు జరపొద్దు. నేనొస్తున్నా. ఆలస్యమవుద్ది, కంగారుపడొద్దు."

వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి రమ్మంటే వచ్చేదేమో. కానీ నేల మీద ఎండకు పొర కట్టింది, పాకిన గుర్తులు అక్కడొకటి అక్కడొకటి తప్ప పడలేదు. లోహం కనిపెట్టే యంత్రం కూడా అక్కడ పనికిరాదు, పాత గుండ్ల పెంకులన్నిటికీ అది కూస్తూనే ఉంటుంది. నిదానం జట్టువాళ్ళిద్దర్నీ బాట చివరికి పొమ్మని, ముఖానికి గాజు తొడుగు దించుకుని, కొయ్య దగ్గర బోర్లా పడుకున్నాడు. చువ్వను ఏటవాలుగా గుచ్చాడు. తీశాడు. వేలెడు పక్కన మళ్ళీ గుచ్చాడు.

మూడు బారల దూరం. మామూలుగా అయితే ఆరు అడుగుల్లో దాటే దూరం.

అరగంటకు ఆమె చెయ్యి తిమ్మిరెక్కింది. గంటకు మోకాళ్ళ కింద ఉన్నది తన కాళ్ళే అన్న స్పృహ పోయింది. ముచ్చెమటలు పట్టి కళ్ళజోడు ముక్కు కొస దాకా జారింది, పైకి తోసుకోవడానికి చెయ్యి లేదు. ఇంట్లో అత్తగారి మందులు ఎవరు తీసిస్తారని ఒక ఆలోచన. ఆయనకు గ్యాసు పొయ్యి వెలిగించడం రాదని ఇంకో ఆలోచన. చచ్చిపోయే ముందు పెద్ద పెద్ద ఆలోచనలొస్తాయనుకునేది. గ్యాసు పొయ్యి గుర్తొచ్చేసరికి ఏడుపొచ్చింది. ఏడిస్తే భుజాలు కదులుతాయని ఏడవలేదు.

ఆమె ఒళ్ళు వణకడం నిదానం కనిపెట్టాడు. ఆ పురుగు గురించి ఏదైనా చెప్పమన్నాడు. ఆమె మాటలు కూడదీసుకుని బూరలాంటి బొరియ గురించి చెప్పింది, ఆడపురుగు కూత విని ఎగిరొస్తుందని చెప్పింది. ఎంత దూరం వినపడుతుందని అడిగాడు. అరమైలు అంది. "మా ఆవిడకి నా గొంతు వంటింట్లోకే వినపడదు" అన్నాడు. చువ్వ గుచ్చాడు, తీశాడు.

కాసేపటికి ఇంకో ప్రశ్న అడిగాడు.

"గీత పక్కన కొంత నేల అదనంగా వదులుతారంట, నిజమేనా?"

"వంద అడుగులు," అంది ఆమె. "అంచు వెంబడి నడిచి చూడం కదా. బాటకీ బాటకీ మధ్య ఏముందో ఊహే. అనుమానం ఉన్నచోట గీత బయటికి జరపమని నియమం."

నిదానం ఇంకో రెండుసార్లు చువ్వ గుచ్చి తీశాడు. తరవాత మామూలుగానే చెప్పాడు. "చుట్టూతా వంద అడుగులంటే, అది మాకు ఏడాదిన్నర పని. ఇదుగో, ఇట్లా."

ఇట్లా అంటే ఎట్లాగో ఆమె చూస్తోంది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని గీతలు అలా బయటికి జరిపిందో లెక్కలేదు. పెన్సిలు అంగుళంలో పదో వంతు జరిగితే చాలు.

పొద్దు వాలింది. మొదటి కూత ఆమె కుడిచేతి పక్కనే లేచింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక పదులు, వందలు. నేలంతా ఒకటే రొద. అరచేతి కింద ఇసుక సన్నగా అదురుతున్నట్టనిపించింది. అది కూతల అదురో, పాతర లోపల ఏదైనా కదలడమో తెలియలేదు.

అప్పుడే నిదానం చువ్వ ఆగింది. అతను "ఊఁ" అన్నాడు. అంతే. చువ్వ పక్కన పెట్టి, చిన్న కుంచెతో మట్టి తుడవడం మొదలుపెట్టాడు. ఆమె ఎడమ మడమకు బారెడు దూరంలో, ఆకుపచ్చరంగు వెలిసిన గుండ్రటి మూత బయటపడింది. దాని అంచు పక్కనే, రెండు వేళ్ళ ఎడంతో, నేల పొర నలిగి గుంట పడి ఉంది. అది ఆమె మోకాలి గుర్తు.

ఇద్దరూ దాన్ని చూశారు. ఆమె కింద బట్టలు తడిసిపోయాయి. ఆపుకోవాలన్నా ఒళ్ళు ఆమె మాట వినలేదు.

నిదానం మూత దగ్గర ఎర్ర గుర్తు పెట్టి, చుట్టూ తిరిగి, ఇంకో ఇరవై నిమిషాలకు ఆమెను చేరాడు. లాంతరు వెలిగించాడు. ఆమె ముఖం చూశాడు, ఆమె ఎటు చూడకుండా ఉందో కూడా చూశాడు. నడుముకున్న నీళ్ళసీసా తీసి, తాగండి అని అందించబోయి, సీసాడు నీళ్ళూ ఆమె ఒళ్ళో ఒంపేశాడు.

"అయ్యో, ఒలికిపోయినయ్. నా చేతులు పడ, పనికిమాలిన చేతులు," అన్నాడు బాట చివరున్న వాళ్ళకు వినపడేలా. పంతొమ్మిదేళ్ళుగా వణకని చేతులవి.

కాళ్ళు పనిచెయ్యక ఆమెను వీపున వేసుకుని బాటలోకి తీసుకొచ్చాడు.

ఇంట్లో ఆమె సగమే చెప్పింది. రిబ్బను తెగిందని, కాస్త బయటికి వెళ్ళానని. భర్త ఏదో వేళాకోళం మొదలుపెట్టి మధ్యలో మానేశాడు. చేతిలో ఉన్న మిషను సూదిని చాలాసేపు తిప్పుతూ కూర్చుని, "ఇంక వెళ్ళకు. ఉద్యోగం పోతే పోనీ" అన్నాడు. వెళ్ళనంది. మాట కోసం కాదు, నిజంగానే అంది. ఆ రాత్రి మంచం దిగి బాత్రూముకు వెళ్ళడానికి కూడా నేల తడుముకుంది.

రెండు రోజులు ఆఫీసులో కూర్చుంది. తన దగ్గరున్న గుర్తులతో పటం పూర్తిచెయ్యొచ్చు. అయిదు బాటల్లో దొరికిన అంచులు కలిపి, నియమం ప్రకారం వంద అడుగులు బయటికి జరిపితే అయిపోతుంది. పురుగు క్షేమంగా ఉంటుంది, తను కుర్చీ దిగనక్కర్లేదు, ఎవరూ వేలెత్తి చూపరు. గీసింది కూడా. పక్కసీటు వాళ్ళొచ్చి చక్కగా వచ్చిందన్నారు.

భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళాక రబ్బరు తీసుకుని ఆ గీత చెరిపేసింది. ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, అంచు వెంబడి పూర్తిగా నడిచి చూస్తే అదనపు నేల వదలక్కర్లేదు కదా అని అడిగింది. నియమం ప్రకారం అక్కర్లేదన్నాడాయన. ఎవరు నడుస్తారని అడిగాడు. ఆమె కొలతల నోటుబుక్కు తీసి చంకలో పెట్టుకుంది. ఆయనకు అర్థమయ్యేసరికి కొంత సమయం పట్టింది.

ఆ సంగతి చెబితే భర్త అన్నం ముందునుంచి లేచిపోయాడు. మరునాడు పొద్దున తన పనిబల్ల మీది భూతద్దం తీసి, నాడా కట్టి ఆమె మెడలో వేశాడు. కళ్ళజోడు పైకి నెట్టి పాకే అవసరం ఉండదని అన్నాడు.

నిదానం ఆమెను చూసి సంతోషించలేదు. "ఇంకే పనీ దొరకలేదా మీకు?" అన్నాడు. కానీ బాట తీశాడు. అంచు వెంబడి మనిషి పట్టేంత సన్నటి దారి, ముందు అతను, అతను శుభ్రం చేసిన మేరకే వెనక ఆమె. ఇక్కడ బొరియ ఉంది, ఇక్కడ లేదు, ఎడమకు తిరగండి అని చెప్పుకుంటూ. ఆరు వారాలు పట్టింది. భయం తగ్గలేదు. రోజూ గేటు దగ్గర పొద్దున తిన్నది కక్కేది. చివరి రోజున కూడా కక్కింది.

గుట్టలవైపు, ఆఫీసులో ముందునుంచీ ఉన్న పాత పటంలో చూపినదానికన్నా పురుగు చాలా ముందే ఆగిపోయింది. అక్కడ గీత లోపలికి జరిగినప్పుడల్లా జట్టువాళ్ళ ముఖాలు తేటపడేవి. నదివైపు అలా జరగలేదు. బొరియలు పాత గీత దాటి వాగు ఒడ్డు దాకా పోయాయి. పేలని గుండ్లు అన్నిటికన్నా ఎక్కువున్న చోటు అదే. మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంలోంచి చూస్తే అక్కడ తాజా మట్టిగుళికలు స్పష్టంగా ఉన్నాయి. లేవని చెబితే ఎవరికీ తెలిసేది కాదు. గొలుసుల బండి వచ్చి ఒక్కరోజులో ముగించేది. ఆమె అక్కడ ఒక పూటంతా కూర్చుండిపోయింది. నిదానం తన చువ్వ తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం కూతలు విన్నాక ఆమె నోటుబుక్కులో రాసింది. గీత వాగు ఒడ్డుకు జరిగింది.

పటం వెళ్ళింది, ఆమోదం వచ్చింది. ఆమె మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. నెలలు గడిచినా ఆ ఉలికిపాటు పోలేదు.

ఎనిమిదో నెలలో గేటు కాపలావాడు ఫోను చేశాడు. వాగు ఒడ్డున పేలిందని, నిదానానికి ఎడమచేతి వేళ్ళు మూడు పోయాయని, కంటికి కూడా దెబ్బ అని చెప్పాడు. ఎక్కడ అని ఆమె రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వాగు ఒడ్డనే చెప్పాడు.

ఆసుపత్రికి ఒక్కతే వెళ్ళింది. నాలుగో అంతస్తు. లిఫ్టు ఎక్కాలా మెట్లెక్కాలా అని కూడా తోచలేదు, తలుపు తెరుచుకుంటే ఎక్కేసింది. నిదానం మందుల మత్తులో ఉన్నాడు. చెయ్యి మోచేతిదాకా కట్టు, ఒక కన్ను మీద దూది. మంచం పక్కన సన్నగా, పొడుగ్గా ఉన్నావిడ గోడకానుకుని నిలబడి ఉంది. ఒకే ఒక్క స్టూలు ఉంటే దాని మీద బట్టలసంచీ ఉంది.

ఆవిడ పటాలమ్మ మెడలోని భూతద్దం వైపు చూసింది.

"గీత గీసినావిడ మీరేనా?"

"నేనే," అంది పటాలమ్మ. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. ఆవిడ తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. రెండిటికీ భయపడుతూ తల వంచుకుని నిలబడింది.

ఆవిడ మొగుడి మీది దుప్పటి సరిచేసింది. తరవాత సంచీ తీసి కింద పెట్టింది.

"కూర్చోండి," అంది. "కాదు, కూర్చోవద్దు. ముందు ఆ కంటి డాక్టరు ఎక్కడున్నాడో కనుక్కొచ్చి పెట్టండి. కన్ను నిలుస్తుందో లేదో పొద్దుణ్నుంచీ అడుగుతున్నా. నాకెవరూ సరిగా చెప్పట్లేదు. చదువుకున్నవాళ్ళు అడిగితే చెప్తారు."

పటాలమ్మ బయటికొచ్చింది. పొడుగాటి నడవా, రెండువైపులా మూసిన తలుపులు. గట్టిగా తలుపు తట్టి పెద్దవాళ్ళను అడగాలంటే ఆమెకు చిన్నప్పటినుంచీ బెరుకే. మొదటి తలుపు తట్టింది. అక్కడ కాదన్నారు. రెండోది తట్టింది. మూడో తలుపు దగ్గర కాపలా ఉన్నతను ఇప్పుడు లోపలికి పోకూడదని అడ్డం వచ్చాడు. పోవాలి బాబూ, మా అన్నయ్య కన్ను సంగతి అని చెప్పి, అతను చెయ్యి తీసేదాకా అక్కడే నిలబడింది.